నల్లరంగు లేని ఎనుము

జులై 8, మంగళవారం

ఈరోజు ఏనుగు గీశాను. రూపశ్రీ చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"తొండం బాగుండాది మేడమ్" అంది. తొండం ఒక్కటే బాగుందని నాకూ తెలుసు. కాళ్ళు నాలుగూ సిమెంటు స్తంభాల్లా వచ్చాయి. కన్ను మనిషి కన్నులా వచ్చింది, పైన కనుబొమ్మ ఒక్కటే తక్కువ. ఇరవై ఏళ్ళ పైగా డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తున్నాను. పూలకుండీ, కొండల వెనక సూర్యుడు, దేశనాయకులు, ముగ్గుల అంచులు, ఇవన్నీ చెయ్యి దానంతట అదే గీస్తుంది. జంతువును జంతువులా గీయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నిజానికి నేనే రానివ్వలేదు.

ఇప్పుడు వచ్చింది. కరస్పాండెంట్ ధనశేఖర్ గారు ట్యాబులు తెప్పించారు, ఒక్కోదానికి ఒక పెన్ను. ఈ ఏడు నుంచి మా స్కూల్లో డిజిటల్ ఆర్ట్ నేర్పుతామని తల్లిదండ్రులందరికీ మెసేజి పంపారు. ఆ తర్వాత నన్ను పిలిచారు. "మీరు నేర్చేసుకుంటారు కదా మేడమ్? బెంగుళూరులో కోర్సు చేసిన అమ్మాయి ఒకామె అప్లికేషను పెట్టుకుని ఉంది, అందుకని అడుగుతున్నా" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఆగస్టు చివర చిత్తూరులో చుట్టుపక్కల జిల్లాల స్కూళ్ళన్నీ కలిసి పెట్టే ప్రదర్శనకు నా బొమ్మ ఒకటి పంపాలట. అంశం, మన చుట్టూ ఉండే జంతువులు. ఫోటో అనుకునేంత నిజంగా ఉండాలట.

రూపశ్రీ తొమ్మిదో తరగతి. వడమాలపేట నుంచి తిరుపతికి బస్సులో వచ్చిపోతుంది. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆర్ట్ రూములో కూర్చుంటుంది. వాళ్ళమ్మ ఫోనులో వీడియోలు చూసి, వేలితో గీసి ఇదంతా నేర్చుకుందట. పెన్ను చేతికిస్తే ఇక చెప్పాలా.

నేర్పించమని నేను అడగలేదు. "నువ్వెలా చేస్తున్నావో చూద్దాం" అన్నాను.

జులై 11, శుక్రవారం

లేయర్లు. ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకలు అనుకోవాలట. అడుగు పలక మీద ఎముకలు, దాని మీద కండ, దాని మీద తోలు, అన్నిటికీ పైన వెంట్రుకలు. తప్పు పోతే ఆ పలక ఒక్కటే తుడిచేయొచ్చు, మిగతావి చెడిపోవు. వెంట్రుకలన్నీ ఒకే దిక్కుకు గీస్తే జంతువుకు చాప చుట్టినట్టుంటుంది. మెడ దగ్గర ఒక వాలు, డొక్క దగ్గర ఒక వాలు.

నా అరచెయ్యి తెరకు తగిలి ఎక్కడెక్కడో గీతలు పడుతున్నాయి. ఆ పిల్ల విసుక్కోకుండా చెరుపుతూ పోయింది.

మధ్యలో సోషల్ మేడమ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను చటుక్కున పెన్ను రూపశ్రీ చేతికిచ్చి, "చూడమ్మా, ఈ చెవి ఇలా దిద్దుకోవాలి" అన్నాను, నేనే నేర్పుతున్నట్టు. "సరే మేడమ్" అంది రూపశ్రీ. సోషల్ మేడమ్ వెళ్ళిపోయాక మళ్ళీ పెన్ను నాకే ఇచ్చింది. ముఖంలో ఏమీ లేదు.

జులై 17

పిల్లిని గీశాను. పిల్లిలా లేదు.

జులై 26, శనివారం

వాన పడి వెలిసింది. స్కూలు వెనక ఖాళీ జాగాలో ఒక గేదె నిలబడి ఉంది. కిటికీ లోంచి దాన్ని చూసి గీద్దామన్నాను. సులువని అనుకున్నాను. గేదె అంటే నలుపే కదా, నల్లరంగు నింపితే సగం పని అయినట్టే.

నింపాను. పొయ్యిలో బొగ్గు ముక్క తయారైంది.

రూపశ్రీ కిటికీ వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మేడమ్, ఎనుము నల్లగా ఉండదు. సూడండి, దాని ఈపు మీద ఆకాశం పడింది" అంది.

చూశాను. తడిసిన వీపు మీద నిజంగానే ఆకాశం ఉంది, లేత నీలంగా. డొక్క కింద నేల ఎరుపు ఉంది. చెవి లోపల గులాబి. ముట్టె దగ్గర బూడిద. నలుపు ఎక్కడా లేదు. నలభై ఆరేళ్ళ వయసులో ఒక గేదెను మొదటిసారి చూశాను.

ఆ పిల్ల తన ట్యాబులో మొదలుపెట్టింది. నల్లరంగు ముట్టుకోకుండా ఎనుమును గీస్తానంది.

ఆగస్టు 1, శుక్రవారం

ఎనుము పూర్తయింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. వీపు మీది నీళ్ళు ఇప్పుడే జారేట్టు ఉన్నాయి. ఊపిరి తీస్తున్నట్టుంది.

కాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది, "గడ్డి నేను వేయనా?" అని అడిగాను. "వేయండి మేడమ్" అంది. వేశాను. బస్సు టైమైందని ఆమె వెళ్ళిపోయింది. నేనింకా గడ్డి దిద్దుతూ కూర్చున్నాను. అప్పుడే ధనశేఖర్ గారు వచ్చారు.

ట్యాబు నా ఒళ్ళో ఉంది. పెన్ను నా చేతిలో ఉంది. ఆయన వంగి చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మేడమ్, ఇది మీరు గీసిందేనా?"

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను సార్" అన్నాను.

అందులో అబద్ధమేముంది? నేర్చుకుంటున్న మాట నిజమే. ఆయన అక్కడికక్కడే ఆ ఫైలు తన ఫోనుకు పంపించుకున్నారు. చిత్తూరుకు ఇదే పంపుదామన్నారు. "బెంగుళూరు అమ్మాయికి వద్దని చెప్పేస్తా" అని కూడా అన్నారు.

సోమవారం చెప్పేస్తాను. పిల్లల విభాగంలో పెట్టించవచ్చు.

ఆగస్టు 4, సోమవారం

ఆయన ఊళ్ళో లేరు.

ఆగస్టు 6

ఉన్నారు. ఎవరితోనో మాట్లాడుతున్నారు.

గడ్డి నేనే గీశాను. గడ్డి లేకపోతే ఎనుము గాల్లో తేలినట్టుండేది.

ఆగస్టు 9, శనివారం

మా ఆయన భానుచందర్ నా ఫోనులో బొమ్మ చూశారు. స్కూలు గ్రూపులో ధనశేఖర్ గారు పెట్టారు, నా పేరుతో. ఈయన డిపో నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా నిలబడి చూశారు.

"ఏందే ఇది, నువ్వు గీసినావా? ఇంతకాలం యాడ దాచిపెట్టినావు?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నా బొమ్మ గురించి అడిగిన మొదటి మాట ఇది. కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్ళాను. కాఫీ కలిపి వచ్చేలోపు చుట్టాలందరికీ పంపేశారు. నగరి నుంచి ఆడబిడ్డ పంకజాక్షి ఫోన్ చేసింది, వాళ్ళ ఆవును కూడా గీసివ్వమంది.

ఆగస్టు 15

జెండా వందనం అయ్యాక తెర తీశారు. మెట్ల పక్కన గోడ మీద, పెద్ద ఫ్రేములో ఎనుము. కింద ఇత్తడి రేకు మీద 'జయంతి, డ్రాయింగ్ ఉపాధ్యాయిని'. అందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిదో తరగతి వరస వైపు చూడలేదు.

మిఠాయి పంచేటప్పుడు రూపశ్రీ నా దగ్గరికి వచ్చింది. "ప్రింటు బాగా వచ్చింది మేడమ్" అంది. అంతే. లడ్డు తీసుకుని వెళ్ళిపోయింది.

చిన్నపిల్ల. వాళ్ళకు ఇవన్నీ అంత పట్టవు.

ఆగస్టు 21

రూపశ్రీ సాయంత్రాలు ఆర్ట్ రూముకు రావడం లేదు. యూనిట్ టెస్టులు కదా.

ఆగస్టు 22

యూనిట్ టెస్టులు పోయిన వారమే అయిపోయాయి.

ఆగస్టు 30, శనివారం

చిత్తూరు. టీచర్ల విభాగంలో మొదటి బహుమతి.

భానుచందర్ సెలవు పెట్టి వచ్చారు. ఇస్త్రీ చొక్కా. నా పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడే" అని చెప్పారు. వేదిక మీద ఒకాయన మైకు ఇచ్చి, ఈ బొమ్మ రహస్యమేమిటో నాలుగు మాటలు చెప్పమన్నారు. నా నోటి వెంట వచ్చిన మాటలు ఇవి: "గేదె నల్లగా ఉండదండీ. దాని వీపు మీద ఆకాశం పడుతుంది." హాలంతా చప్పట్లు.

బొమ్మ తీసుకున్నాను, సరే. మాటలు కూడా తీసుకున్నాను.

దిగి వచ్చేసరికి ఇంకో సంగతి చెప్పారు. సెప్టెంబరు 13న మళ్ళీ రావాలి. టీచర్లందరి ముందు, పెద్ద తెర మీద, నేను ఇలాంటి జంతువునొకదాన్ని గీసి చూపించాలి. ధనశేఖర్ గారు నన్నడగకుండానే ఒప్పుకున్నారు.

సెప్టెంబరు 2, మంగళవారం

రూపశ్రీని క్లాసు నుంచి పిలిపించాను. పదమూడో తారీకు సంగతి చెప్పి, కాస్త కూర్చుంటావా అని అడిగాను. "ఉంటాను మేడమ్" అంది. బస్సు ఒకటి వదిలేసి, తర్వాతి బస్సుకు వెళ్ళింది.

అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పెన్ను గట్టిగా నొక్కితే గీత లావు, తేలిగ్గా ఆనిస్తే సన్నం. ముందు ముఖ్యమైన ఆకారం, వెంట్రుకలు ఆఖర్న. ఆ గోడ మీది బొమ్మ గురించి ఆమె అనలేదు, నేనూ అనలేదు. దాన్ని గీసింది నేనే అన్నట్టు, ఏదో మరిచిపోతే గుర్తుచేస్తున్నట్టు నేర్పించింది.

సెప్టెంబరు 5

ఉపాధ్యాయ దినోత్సవం. శాలువా కప్పారు.

సెప్టెంబరు 8

రావడం లేదు. నా చేతికి రావడం లేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

మందుల షాపులో క్రేప్ బ్యాండేజి కొన్నాను. కుడి మణికట్టుకు చుట్టుకుని, అద్దంలో చూసుకుని, వదులుగా ఉందని విప్పి మళ్ళీ చుట్టుకున్నాను. స్నానాల గదిలో జారిపడ్డానని చెప్పాను. భానుచందర్ నమ్మారు. గిన్నెలు ఆయనే కడిగారు, బియ్యం ఆయనే కడిగి పెట్టారు. ధనశేఖర్ గారు అయ్యయ్యో అని చిత్తూరుకు ఫోన్ చేసి కార్యక్రమం వాయిదా వేయించారు.

ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబరు 11, గురువారం

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక రూపశ్రీ వచ్చింది. చేతిలో అరిటాకు పొట్లం. విప్పితే వావిలాకు, నువ్వుల నూనె వేసి వెచ్చచేసింది. "మా అమ్మ పంపించింది మేడమ్. వాపు లాగేస్తాది" అంది.

వద్దన్నాను. "ఊరికే ఉంటే తగ్గదు మేడమ్" అని నా చెయ్యి తీసుకుని బల్ల మీద పెట్టింది. బ్యాండేజి విప్పింది. వాపు లేదు. కందిన చోటు లేదు. నా మణికట్టు నున్నగా, ఆరోగ్యంగా ఉంది. ఆమె ఒక్క క్షణం ఆగింది, అది నాకు తెలిసింది. తర్వాత ఆకు పరిచి, మళ్ళీ బ్యాండేజి చుట్టింది, నేను చుట్టుకున్న దానికంటే శ్రద్ధగా. "నొప్పి అయితే చెప్పండి, వదులు చేస్తాను" అంది.

చేయి లాక్కోవాల్సింది. లాక్కోలేదు. కట్టు కట్టేదాకా కూర్చున్నాను.

నేను ఏం మనిషిని?

సెప్టెంబరు 12, శుక్రవారం

కట్టు విప్పేసి ధనశేఖర్ గారి గదికి వెళ్ళాను. అంతా చెప్పాను. బొమ్మ, ఆ రోజు నేనన్న మాట, చెయ్యి, అన్నీ.

ఆయన కోప్పడతారనుకున్నాను. లేచి తలుపు వేశారు. చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. చివరికి, పిల్లలు గీసినా టీచర్లు గీసినా స్కూలుదే కదా అన్నారు. ఆ బొమ్మతో అచ్చు వేయించిన స్కూలు పాంప్లెట్లు ఊరంతా పంచేశామన్నారు. "మీరు నేర్పించబట్టే కదా మేడమ్ ఆ పాప గీసింది. మనసులో పెట్టుకోవద్దు."

"నేను నేర్పలేదు సార్. నాకే ఆమె నేర్పింది" అన్నాను.

"ఈ మాట ఇంకెక్కడా అనొద్దు" అన్నారు.

బయటికి వచ్చాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, హాయిగా అనిపించింది. చెప్పాను కదా, ఆయనే వద్దన్నారు కదా అని. మెట్లు దిగేలోపు ఆ హాయి ఎలాంటిదో అర్థమైంది.

సెప్టెంబరు 14, ఆదివారం

వడమాలపేట వెళ్ళాను. ఇల్లు మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి. వాళ్ళ నాయన మామిడిపండ్ల లారీకి డ్రైవరు, ఇంట్లో లేడు. వాళ్ళమ్మ మునిరత్నమ్మ వరండాలో మిషను మీద రవికలు కుడుతోంది. నన్ను చూసి కంగారుపడి లేచింది, కుర్చీ తుడిచింది, రూపశ్రీని కాఫీ పెట్టమంది. ఆమె అడిగిన మొదటి మాట, "చెయ్యి తగ్గినాదా మేడమ్?" అని.

"దెబ్బ తగల్లేదమ్మా. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆ తర్వాత మిగతాది చెప్పడం అంత కష్టం కాలేదు. వేగంగా చెప్పాను, ఆగితే ఆగిపోతానని. గడ్డి గురించి చెప్పలేదు. మునిరత్నమ్మ మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. విన్నాక నా వైపు కాదు, కూతురి వైపు చూసింది. రూపశ్రీ కాఫీ గ్లాసుతో గడప దగ్గరే నిలబడిపోయి ఉంది.

"ఆ ఎనుము బొమ్మను ఇదే నాకు ఫోన్లో సూపించినాది మేడమ్" అంది మునిరత్నమ్మ. "మా మేడమ్ గీసినారు సూడుమా, ఎంత బాగుండాదో అనింది. నేనేమన్నానో తెలుసునా? పొద్దస్తమానం ఫోను గీకతా ఉంటావే, ఇట్టాంటిది ఒగటన్నా గీసినావా అని తిట్టినాను. ఫోను లాగి బీరువాలో పెట్టేసినాను. అప్పుడైనా నోరు తెరిసి నాదే అని సెప్పలేదే ఈ బిడ్డ."

మిషను మీద సగం కుట్టిన రవిక జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

ఎందుకు చెప్పలేదని నేనే అడిగాను. రూపశ్రీ నేల చూసింది.

"మీరు మీ పేరు పెట్టుకున్నారంటే బాగున్నట్టే కదా మేడమ్" అంది.

ఆ మాటకు నాకు ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు. మునిరత్నమ్మ కూతురి చేతిలోంచి గ్లాసు తీసుకుని నా ముందు పెట్టింది.

"మీరు పెద్దోళ్ళు, ఇంటికొచ్చి సెప్పినారు. మేము ఇంకేమనేది లేదు. కాఫీ తాగి పోండి మేడమ్. ఆ పటం కింద నా బిడ్డ పేరు రాయండి, అంతే."

తాగాను. నేను తాగేంతసేపూ ఆమె మిషను తొక్కలేదు, నిలబడే ఉంది. బస్సు స్టాపు దాకా రూపశ్రీ రాలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

ప్రార్థన బెల్లుకు ముందే వెళ్ళి ఇత్తడి రేకు ఊడదీశాను. దాని చోట నేనే చేత్తో రాశాను: 'రూపశ్రీ, తొమ్మిదో తరగతి, వడమాలపేట'. అక్షరాలు మాత్రం నాకు వచ్చు. ప్రార్థనలో మైకు అడిగి తీసుకుని, ఆ బొమ్మ నాది కాదని పిల్లలందరికీ చెప్పాను. ఒక టీచరు నోటి నుంచి అలాంటి మాట వింటే పిల్లలకు ఎటు చూడాలో తెలియదు. కొందరు నవ్వారు. రూపశ్రీ తల దించుకుంది. సంతోషించలేదు. నేను ఆమెను అందరి ముందూ నిలబెట్టేశానని అప్పుడు తోచింది. ఒప్పుకోవడంలో కూడా నా గురించే ఆలోచించాను.

చిత్తూరుకు మెయిల్ పంపాను. బహుమతి వెనక్కి ఇచ్చేస్తున్నానని రాశాను.

ధనశేఖర్ గారు పిలిచారు. దసరా సెలవుల తర్వాత బెంగుళూరు అమ్మాయి వస్తుంది. నేను ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల రంగులు చూసుకోవాలి. ఇష్టం లేకపోతే మానేయొచ్చు. ఇది కూడా మర్యాదగానే చెప్పారు.

భానుచందర్‌కు ఇంటికొచ్చాక చెప్పాను. చాలాసేపు టీవీ చూశారు, అది ఆన్‌లో లేదు. "అందరికీ పంపింది నేనే కదే" అన్నారు చివరికి. లేచి బయట అరుగు మీద కూర్చుని, చెల్లెలు పంకజాక్షితో మొదలుపెట్టి, ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. "ఆ బొమ్మ మావాళ్ళ స్కూలు పిల్ల గీసిందిలే, నేనే తప్పుగా చెప్పినా" అంటున్నారు. నేనే తప్పుగా చెప్పినా, అని ప్రతి ఒక్కరికీ. లోపలి నుంచి అన్నీ విన్నాను.

సెప్టెంబరు 17

పంకజాక్షి ఫోన్ చేసింది. ఆవు సంగతి ఎత్తలేదు.

సెప్టెంబరు 18, గురువారం

మధ్యాహ్నం మెట్ల దగ్గర రూపశ్రీ ఒక్కతే బొమ్మ ముందు నిలబడి ఉంది. తన పేరు చూసుకుంటోందనుకున్నాను. పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"మేడమ్, దీన్ని దించేయొచ్చునా?"

నేను రాసిన పేరు చూడడం కూడా ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. ఎందుకమ్మా అన్నాను.

"ఎనక కాలు తప్పుగా ఉండాది." వేలు పెట్టి చూపించింది. "మడమ ఇంకా పైన ఉండాల. ఇంత కిందికి పెడితే ఎనుము నడవలేదు. మీ పేరు ఉన్నప్పుడు నేను సరిగ్గా సూడలా మేడమ్. ఇప్పుడు నా పేరు ఉండాది కదా, అందరూ సూస్తారు. దిద్ది మళ్ళీ ఇస్తాను."

చూశాను. నిజమే. కాలు తప్పుగా ఉంది. ఒకసారి చూశాక ఇక ఆ కాలే కనిపిస్తోంది.

ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఫ్రేము దించాం. ఆమె క్లాసుకు పోయింది. సాయంత్రం ఆర్ట్ రూముకు వస్తానంది.

నెల రోజులు ఆ బొమ్మ కింద నా పేరు ఉంది. చిత్తూరులో రోజంతా దాని పక్కనే నిలబడ్డాను. ఎవరెవరు నన్ను చూస్తున్నారో అన్నీ చూశాను. ఆ కాలు ఒక్కసారి కూడా చూడలేదు.